మన నెల్లూరు వీధుల్లో పాత అంగళ్లు పోతున్నాయి: హరనాథపురం, మినీ బైపాస్ వైపు వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

పాతకాపు_హరనాథపురం

మేము ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ ఖాళీ ప్లాట్లు, కంపచెట్లు. ఇప్పుడు మినీ బైపాస్ నుంచి మా మలుపు దాకా ఆసుపత్రులు, బట్టల షోరూములు, మండి బిర్యానీ హోటళ్లు. ఊరు పెరిగింది, మంచిదే. మా ఇంటి విలువా పెరిగింది. కానీ గత మూడేళ్లలో మా ఒక్క వీధిలోనే పిండి మిషన్, సైకిల్ అంగడి, టైలర్ అంగడి, మూల మీద కిరాణా కొట్టు మూతపడ్డాయి.

పిండి మిషన్ పోయినప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ మిషన్ ఆయన పిండి గొట్టంలోంచి పడుతుంటే బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి చూసి, బరకగా ఉంటే రాళ్లు బిగించేవాడు. మిరపకాయలు ఆడించిన వెంటనే ఎవరైనా బియ్యం తెస్తే, ముందు తన డబ్బాలోంచి రెండు గుప్పెళ్ల నూకలు పోసి, ఆ కారం అంతా పోయిందాకా ఆడించి, అప్పుడు బియ్యం పోసేవాడు. ఆ నూకలకు డబ్బులు అడిగేవాడు కాదు. ఇప్పుడు ఆ షట్టర్‌లో సెల్ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఇక అసలు సంగతి. మా పక్కింటి గోడ వారన, నిద్రగన్నేరు చెట్టు కింద ఒక ఇస్త్రీ బండి పద్దెనిమిదేళ్లుగా ఉంది. భార్యాభర్తలిద్దరూ చేస్తారు. రోహిణి ఎండల్లో కూడా ఒక్కరోజు మానలేదు. ఆ ఇంటిని ఓనరు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. కొత్తగా వచ్చినవాళ్లు బొగ్గుల పొగ వస్తోందని, కార్లకు అడ్డమని నెలాఖరుకు బండి తీసేయమన్నారు. ఆమె నిన్న మా ఇంటికొచ్చి, ‘ఎక్కడికి పోవాలయ్యా’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇలాంటిది మీలో ఎవరికైనా ఎదురైందా? ఏం చేశారు?

మూలాపేట_కోడలు

మాది మూలస్థానేశ్వరస్వామి గుడి దగ్గర. పిల్లల చదువుల కోసం మాగుంట లేఅవుట్‌లో అపార్ట్‌మెంట్‌కి మారి నాలుగేళ్లయింది. ఇక్కడ అన్నీ దొరుకుతాయి, ఒకటి తప్ప. మూలాపేటలో చేపలామె గంప దించి, మనం చూస్తుండగానే బూడిద రాసి, పొలుసు తీసి కోసేది. ‘ఈ పూట పులుసు పెట్టి రేపు తిను తల్లీ, ఈ చేప అప్పటికి ఊరుతుంది’ అని చెప్పేది. మామిడికాయల కాలంలో అయితే తలకాయ ముక్క మాకే పెట్టి ఉంచేది. ఇప్పుడు ఫోన్‌లో బుక్ చేస్తే ప్లాస్టిక్ డబ్బాలో ముక్కలు వస్తాయి. తలకాయ ఉండదు, తోక ఉండదు. నెల్లూరు చేపల పులుసు తలకాయ లేకుండా ఎట్టా పెట్టేది? మా అత్త ఆ ముక్కలు చూసి పక్కకు జరిపేసింది.

పాతకాపు అన్నా, మీ పిండి మిషన్ గురించి చదివి ఒకటి అడుగుతున్నా. మా చిన్నదానికి రాగి జావ కాయాలి. ప్యాకెట్ రాగిపిండి ఎప్పుడు ఆడించిందో తెలియదు. రెండు కిలోల రాగులు మాత్రమే తీసుకుపోతే ఆడించే చోటు మన ఊళ్లో ఇంకా ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

రెండుషట్టర్ల_ఓనరు

నేను అవతలి వైపు మనిషిని. నాకు రామలింగాపురంలో రెండు షట్టర్లున్నాయి. ఒకదాంట్లో టైలర్, పన్నెండేళ్లు. అద్దె 3,500. మా పిల్లల పెళ్లిబట్టలన్నీ ఆయనే కుట్టాడు. మందుల షాపు వాళ్లు వచ్చి 18,000 ఇస్తామన్నారు, ఆరు నెలల అడ్వాన్సుతో. నాకు పెన్షన్ లేదు, మా ఆవిడకు గుండె ఆపరేషన్ అయింది. ఇచ్చేశాను.

టైలర్ గొడవ పడలేదు. మిషన్లు ఆటోలో ఎక్కించుకుని, తాళం చేతికిచ్చి వెళ్లాడు. ఇప్పుడు ఇంట్లోనే కుడుతున్నాడని విన్నాను. పండక్కి చొక్కాగుడ్డ తీసుకుని వెళ్లాలని ఉంది, ఇంకా వెళ్లలేకపోయాను. ఓనర్లందరినీ ఒక్క గాటన కట్టొద్దని చెప్పడానికే ఇది రాశాను.

ఒంగోలు_లాయర్‌పేట

ఓనరు సార్ చెప్పింది అర్థమవుతోంది. మా ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపూ ఇదే పరిస్థితి. మా నాన్నది స్టేషనరీ అంగడి, ఇరవై రెండేళ్లు. ప్రతిసారీ 11 నెలల కాగితమే రాసుకున్నారు. ఏళ్ల తరబడి లీజు రాసి రిజిస్టర్ చేయించాలంటే ఖర్చవుతుంది. అందుకే అందరూ 11 నెలలు అని రాసి, నోటిమాట మీద ఏళ్లు గడిపేస్తారు. బిల్డింగ్ కొడుకుల చేతికి వచ్చాక ఆ నోటిమాట చెల్లలేదు. రెండు నెలల్లో ఖాళీ చేయమన్నారు. సరుకు సగం ధరకు అమ్ముకున్నాం.

అంగడి పెట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అయిదేళ్లకు రాయించుకోండి. ఏటా ఎంత పెరగాలో, ఖాళీ చేయించాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో అందులోనే పెట్టించండి. స్టాంపులకు పెట్టే డబ్బు దండగ అనుకోవద్దు. మా నాన్న అలా అనుకున్నందుకే ఈరోజు ఇంట్లో కూర్చున్నారు.

స్టోన్‌హౌస్‌పేట_బియ్యం

మాది హోల్‌సేల్ బియ్యం కొట్టు. చిన్న కిరాణా కొట్లు మూతపడితే ముందు తెలిసేది మాకే, ఎందుకంటే ఆ బాకీ మా పుస్తకంలో ఉంటుంది. వీధి కొట్టాయన నెలాఖరు ఖాతా మీద సరుకిస్తాడు, మేము ఆయనకు ఖాతా మీద ఇస్తాం, మిల్లు మాకు ఇస్తుంది. ఒక అపార్ట్‌మెంట్‌లో నలభై ఇళ్లు ఉన్నా, ఆ నలభై ఇళ్లూ ఫోన్‌లో తెప్పించుకుంటే ఆయనకు మిగిలేది పాలు, పెరుగు, అర్జెంటుగా అగ్గిపెట్టె. వాటి మీద అద్దె రాదు.

2022 జులైలో ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ అన్నారు. దాంతో బస్తా 26 కిలోలు అయింది. పెద్ద బస్తాకు పన్ను లేదు, చిన్న ప్యాకెట్‌కు ఉంది. రోజుకూలి చేసి అయిదు కిలోల ప్యాకెట్ కొనేవాళ్ల మీద ఆ పన్ను పడింది. చిన్న కొట్లలో విప్పి లూజుగా తూచి ఇస్తే పన్ను లేదు, ఆ పని చేసేవాళ్లే ఇప్పుడు తగ్గిపోతున్నారు.

మా తాత కాలంలో మొలగొలుకులు అని బియ్యం రకం పేరు పెట్టి అడిగేవాళ్లట. ఇప్పుడు బస్తా మీది బొమ్మ చూసి తీసుకుంటారు. ఇది వేరే సంగతి, గుర్తొచ్చి రాశాను.

దర్గామిట్ట_పూలకొట్టు

పాతకాపు సార్, ఇస్త్రీ ఆమె విషయంలో ఆలస్యం చేయకండి. మా అమ్మ రోడ్డు పక్కన పూలు అమ్ముతుంది. రొట్టెల పండుగప్పుడు బారాషహీద్ దర్గాకు జనం వస్తే మాకు నాలుగు డబ్బులు కనిపిస్తాయి, మిగతా రోజులు మామూలే. మమ్మల్నీ ఒకసారి తీసేయమన్నారు. అప్పుడు తెలుసుకున్నవి చెబుతున్నా.

మొదట చూడాల్సింది బండి ఎక్కడుందో. అపార్ట్‌మెంట్ స్థలంలో ఉంటే వాళ్లు వద్దనవచ్చు. కార్పొరేషన్ రోడ్డు మార్జిన్‌లో ఉంటే తీసేయమనే అధికారం అపార్ట్‌మెంట్ వాళ్లకు లేదు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం సర్వే చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి, చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ వ్యవహారాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో వ్యాపారుల తరఫు వాళ్లు 40 శాతానికి తగ్గకుండా ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు.

ఆమె దగ్గర గుర్తింపు కార్డు ఉందేమో అడగండి. 2020లో వీధి వ్యాపారులకు అప్పులిచ్చే పీఎం స్వనిధి పథకం పెట్టినప్పుడు చాలామందికి మొదటి విడత 10 వేల అప్పు ఇచ్చారు, ఆ కాగితాలు ఉన్నా పనికొస్తాయి. లేకపోతే ఆధార్, బండి దగ్గర తీసిన ఫొటో పట్టుకుని వార్డు సచివాలయానికి మీరే తోడు వెళ్లండి. ఒక్కతే పోతే రేపు రమ్మంటారు. పక్కన చదువుకున్నవాళ్లు ఒకరుంటే కూర్చోబెట్టి మాట్లాడతారు. మా అమ్మకు జరిగింది అదే.

కాఫీ_రామలింగాపురం

నాకు 27 ఏళ్లు. మా అమ్మానాన్నలది టిఫిన్ బండి, కారం దోసెకు మా వైపు పేరుంది. నేను చెన్నైలో మూడేళ్లు పనిచేసి వచ్చి ఇక్కడ చిన్న కాఫీ షాపు పెట్టాను. నేను తీసుకున్న షట్టర్ అంతకుముందు సైకిల్ అంగడి. ఆయన్ని ఖాళీ చేయించింది నేను కాదు, కానీ ఆ చోట నేనున్నాను కాబట్టి ఈ మాటలు చదువుతుంటే నాకు గుచ్చుకుంటోంది.

మేము తెరిచేది పదకొండింటికి. అందుకని పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా ఆయన మా మెట్ల మీదే పంక్చర్లు వేసుకుంటాడు. గాలి పంపు, నీళ్ల తొట్టి మా వెనక గదిలో పెట్టుకుంటాడు. స్కూలు పిల్లల సైకిళ్లు వస్తాయి, వాళ్ల నాన్నల బైకులూ వస్తాయి. ఓనరుకు ముందే చెప్పాను, సరే అన్నారు. నా అద్దె నాకే భారంగా ఉంది, అంతకంటే చేయలేను. కానీ ఖాళీగా ఉండే ఆ నాలుగున్నర గంటలు ఇంకొకరికి ఇవ్వడానికి నాకు పైసా ఖర్చు కాలేదు.

పాతకాపు_హరనాథపురం

మూడు వారాలకు మళ్లీ రాస్తున్నాను. పూలకొట్టు అమ్మా, నువ్వు చెప్పినట్టే చేశాం. బండి రోడ్డు మార్జిన్‌లోనే ఉంది, కొలిచి చూశాం. స్వనిధి కాగితం వాళ్ల ట్రంకుపెట్టెలో, పెళ్లిచీర మడతలో దొరికింది. దాన్ని జెరాక్స్ తీసి, సచివాలయంలో అర్జీతో పాటు ఇచ్చి, ఇంకో కాపీతో అపార్ట్‌మెంట్ వాళ్ల మీటింగ్‌కి వెళ్లాను.

వాళ్లూ చెడ్డవాళ్లు కాదు. రెండో అంతస్తులో ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఉన్నాడు, పొగ నేరుగా ఆ కిటికీలోకే పోతోంది. అది మాకు అప్పటిదాకా తెలియదు. బండిని ముప్పై అడుగులు ఇవతలికి, మా గేటు పక్కకు జరిపాం. బొగ్గులు మానేసి గ్యాస్ ఇస్త్రీ పెట్టె తీసుకోమని వీధిలో తలా కొంత వేసుకున్నాం. ఆ పిల్లవాడి తండ్రే ముందు ఇచ్చాడు. కొత్త పెట్టె చేతికి ఇంకా అలవాటు కాలేదని, నూలు చీరలకు బొగ్గుల వేడే బాగుండేదని ఆమె అంటోంది. చెట్టు నీడ పోయింది, పైన టార్పాలిన్ కట్టాం. మధ్యాహ్నం రెండింటికి దాని కింద నిలబడి చూశాను, నిలవలేకపోయాను. దానికి ఇంకా దారి వెతకాలి.

వేదాయపాలెం_మేడమీద

మూలాపేట కోడలు అక్కా, మీ రాగుల సంగతి ఎవరూ చెప్పలేదు. వేదాయపాలెం స్టేషన్ వైపు మా వీధిలో పిండి మిషన్ ఇంకా ఆడుతోంది. రెండు కిలోలు కాదు, కిలో అయినా వేస్తారు. రాగులు ముందురోజే కడిగి, నీడన ఆరబెట్టి తీసుకురండి, తడి ఉంటే రాళ్లకు పట్టేస్తుంది. పొద్దున్నే వచ్చేయండి. పదకొండు దాటితే మిరపకాయలు మొదలుపెడతారు.