కల్పిత భాషలోని వింత హల్లులను తెలుగు లిపిలో ఎలా రాయాలి?

ప్రశ్న:
కల్పిత భాష ఒకదానికి పదకోశం తెలుగు లిపిలోనే రాస్తున్నాను. నాలుగు రకాల హల్లులు తేలడం లేదు: గొంతు బిగించి వదిలే ప, త, క (జార్జియన్‌లో ఉన్నట్టు), నాలుక పక్కల నుంచి గాలి బుసగా పోయే ల (వెల్ష్‌లో ఉన్నట్టు), కొండనాలుక దగ్గర పలికే క, ఇంకా త్స. ప్రస్తుతం కిʼ, హ్ల, క్క, త్స అని రాస్తున్నాను. భాషలో మహాప్రాణాలు లేవు, గ్లాటల్ స్టాప్ (గొంతులో గాలి క్షణం పాటు ఆగే ధ్వని) మాత్రం విడిగా ఉంది.

జవాబు 1:
త్సకు ౘ ఉండనే ఉంది, చాప, చుక్కల్లో పలికే దంత్య చ. కంప్యూటర్లు అక్షరాలకు వాడే ప్రమాణమైన యూనికోడ్‌లో 2008 నుంచీ ఉంది. త్స అని రాస్తే, త్ తర్వాత స నిజంగానే వచ్చే మాటతో కలిసిపోతుంది. హ్ల, క్కలకూ ఇదే లోపం.

కిʼ చిక్కు వేరు. గుణింతం హల్లుకు అంటుకునే ఉంటుంది కాబట్టి అపాస్ట్రఫీ అచ్చు తర్వాతే పడుతుంది. అది క గుణమా, ఇ తర్వాతి గ్లాటల్ స్టాపా? చదివేవారికి తెలియదు. మహాప్రాణాలు ఖాళీగా ఉన్నాయి కదా, ఫ, థ, ఖ వాడేయండి. ఏ ఫాంట్‌లోనైనా గుణింతాలు, ఒత్తులు సరిగ్గా పడతాయి.

జవాబు 2:
ఖ వద్దండీ. ఖకు ఊపిరి వదలాలి. ఇక్కడ స్వరపేటిక మూసుకుని పైకి లేస్తుంది, ఊపిరితిత్తుల గాలితో పనే లేదు. ఊపిరి బిగబట్టి క్ అనండి, పలుకుతుంది. ఖ్ పలకదు. ఇక ఫను అందరూ ఫోన్‌లో ఫలాగే చదువుతారు.

గుర్తును హల్లుకు ముందు పెట్టండి: ʼపి, ʼతి, ʼకి. గ్లాటల్ స్టాప్‌కు అవగ్రహ: కిఽ. అప్పుడు ʼకిఽ అని రెండూ కలిసి వచ్చినా తికమక ఉండదు. మామూలు అపాస్ట్రఫీ కొడితే వర్డ్ ప్రాసెసర్ దాన్ని కొటేషన్ గుర్తుగా తిప్పేస్తుంది. యూనికోడ్‌లో అక్షరంగా లెక్కించే అపాస్ట్రఫీ వేరే ఉంది, దాన్నే వాడండి.

జవాబు 3:
మిగిలిన రెంటికీ నుక్తా (అక్షరం కింద పెట్టే చుక్క) సరిపోతుంది: ల఼, క఼. తెలుగు నుక్తా 2021లో యూనికోడ్ 14తో వచ్చింది. టైపు చేసే వరుస ముఖ్యం: హల్లు, నుక్తా, ఆ తర్వాతే గుణింతం లేదా పొల్లు. వరుస తప్పితే చుక్కల సున్నా కనిపించవచ్చు. పాత ఫాంట్లలో వరుస సరిగ్గా ఉన్నా నుక్తా సరిగ్గా పడకపోవచ్చు, కాబట్టి ముందు ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ క఼ి, ల఼ు కొట్టి చూడండి. నుక్తా కింద ఒత్తు పడితే రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కవచ్చు. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలను కలవనివ్వని, కంటికి కనిపించని గుర్తు) పెడితే విడిపోతాయి: క఼్‌త.

ఫాంట్ అసలు సహకరించకపోతే, మీ భాషలో ళ లేని పక్షంలో బుస లకు ళ ఇచ్చేయండి. అకారాదిగా పేర్చినప్పుడు క఼ మాటలు క మాటల మధ్యలో దూరిపోవచ్చు. పదకోశం స్ప్రెడ్‌షీట్‌లో ఉంటే, మీరు కోరిన అక్షరక్రమానికి అంకెలతో ఒక కాలమ్ విడిగా పెట్టుకోండి.