కన్సిస్టెంట్: నిలకడా, పొంతనా?

కన్సిస్టెంట్ అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో ‘స్థిరమైన’ అని రాస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. అన్ని చోట్లా సరిపోదు. ఆ మాటకు రెండు ముఖాలున్నాయి, ముందు ఏది మన ఎదుట ఉందో చూసుకోవాలి.

ఒక బ్యాటర్ ప్రతి సిరీస్‌లోనూ పరుగులు తీస్తుంటే కన్సిస్టెంట్ అంటాం. దానికి ‘నిలకడగా ఆడుతున్నాడు’ అన్నది చక్కటి తెలుగు. లాటిన్ మూలం కన్సిస్టెరేలో ఉన్నదీ నిలబడటమే, మన నిలకడ పుట్టిందీ నిలుచు నుంచే. కాకపోతే నిలకడ మనకు మెచ్చుకోలు మాట. ఇంగ్లీషులో అలా కాదు, రోజూ ఆలస్యంగా వచ్చే మనిషిని కూడా ‘కన్సిస్టెంట్లీ లేట్’ అంటారు. అక్కడ ‘నిలకడగా ఆలస్యం’ అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఎప్పుడూ ఆలస్యమే’ అంటే చాలు.

అసలు చిక్కు ‘కన్సిస్టెంట్ విత్’ దగ్గర వస్తుంది. ఇక్కడ రెండు విషయాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా అన్నదే ప్రశ్న. సాక్షి నిన్నొకటి, ఇవాళొకటి చెబితే ‘మాటలకు పొంతన లేదు’ అంటాం చూడండి, ఆ పొంతనే ఇది. వైద్య నివేదికలో ‘కన్సిస్టెంట్ విత్ న్యుమోనియా’ అని ఉంటే ‘న్యుమోనియా అని తేలింది’ అని అనువదించడం నాకు భయంగా ఉంటుంది. కనిపించినవి న్యుమోనియాకు సరిపోతున్నాయన్నంత వరకే ఆ మాట చెబుతుంది. అవే ఇంకో జబ్బుకూ సరిపోవచ్చు. అనువాదకులు దయచేసి ఇక్కడ తొందరపడొద్దు.

తర్కంలో, గణితంలో అయితే పొంతన కన్నా ‘వైరుధ్యం లేకపోవడం’ అన్నదే స్పష్టంగా ఉంటుంది. 1931లో తర్కశాస్త్రవేత్త గోడెల్ ప్రచురించిన సిద్ధాంతాల గురించి రాస్తూ కన్సిస్టెన్సీని ‘స్థిరత్వం’ అంటే విషయమే మారిపోతుంది. ఒక వ్యవస్థలో ఒక వాక్యమూ, దానికి సరిగ్గా వ్యతిరేకమైన వాక్యమూ రెండూ రుజువు కాకూడదన్నది అక్కడి అర్థం.

ద్రవాల విషయంలో కన్సిస్టెన్సీ అంటే చిక్కదనం, అంతే.

కాన్‌స్టంట్, పర్సిస్టెంట్‌లతో కలపొద్దు. కాన్‌స్టంట్ అంటే మార్పు లేనిది, లేదా ఎడతెగనిది. పర్సిస్టెంట్‌లో అడ్డంకులున్నా వదలని పట్టు ఉంటుంది. వారానికి ఒక్కసారే రాసినా, ప్రతి వారం తప్పకుండా రాసేవారు కన్సిస్టెంటే. ఎన్నిసార్లు తిప్పిపంపినా మళ్లీ పంపేవారు పర్సిస్టెంట్.