అల్యూమినా మన జిల్లాల్లో, అల్యూమినియం ఫ్యాక్టరీ అంగుల్‌లో. ఎందుకిలా?

రాయగడ_కుర్రోడు:
మాది దక్షిణ ఒడిశాలోని రాయగడ. స్టేషన్ వైపు వెళ్తే చాలు, మూతల దగ్గర తెల్లపొడి అంటుకున్న అల్యూమినా వ్యాగన్లే కనిపిస్తాయి. బాక్సైట్ మట్టి నుంచి తీసే ఆ పొడి నుంచే అల్యూమినియం చేస్తారు. మా తమ్ముడు మెటలర్జీ డిప్లొమా చేసి షట్‌డౌన్ పనులకి, అంటే ఫ్యాక్టరీ ఆపి చేసే రిపేర్లకి పోతున్నాడు. షట్‌డౌన్ ఉన్నన్నాళ్లే గేట్ పాస్, అది అయ్యాక కాంట్రాక్టరు ఫోనెత్తడు. దేశం చిప్‌లు తయారు చేస్తామంటోంది గానీ ఇక్కడి మట్టిని ఇక్కడే లోహం చేయడానికి అడ్డమేంటి? కరెంటు అంటారేమో, మాచ్‌ఖండ్, బలిమెల, అప్పర్ కొలాబ్ జలవిద్యుత్ కేంద్రాలన్నీ పక్కనే కదా. అంతా రాజకీయమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. ఓపిక పట్టమనేవాళ్లు వద్దు, ఆ పని ఇంట్లో మా అమ్మ చేస్తోంది.

కొరాపుట్_రిటైర్డ్:
బాబూ, ఒక లెక్క వేద్దాం. టన్ను అల్యూమినియంకి దాదాపు రెండు టన్నుల అల్యూమినా, 14,000 యూనిట్ల దాకా కరెంటు కావాలి. అంగుల్‌లో నాల్కో స్మెల్టర్, అంటే అల్యూమినాని లోహం చేసే ఫ్యాక్టరీ, కెపాసిటీ ఏడాదికి 4.6 లక్షల టన్నులు. గుణించి చూడు, రాత్రీ పగలూ ఆగకుండా 700 మెగావాట్ల పైనే తేలుతుంది. బలిమెల అంతా కలిపి 510, అప్పర్ కొలాబ్ 320, మాచ్‌ఖండ్ 120, అందులోనూ ఆంధ్రాకి వాటా. పైగా రిజర్వాయర్ల సంగతి ఎండాకాలంలో చూస్తూనే ఉన్నావు. స్మెల్టర్‌కి కొన్ని గంటలు కరెంటు పోతే పాట్లలో, అంటే కరిగించే తొట్టెల్లో, లోహం గడ్డకట్టి కూర్చుంటుంది, మళ్లీ లేపడానికి నెలలు పడుతుంది. బొగ్గుతో నడపాలంటే టన్ను లోహానికి ఎంత తక్కువ వేసుకున్నా ఎనిమిది టన్నుల బొగ్గు. అంత బొగ్గు ఇక్కడికి మోయడం కంటే రెండు టన్నుల పొడిని అంగుల్ దగ్గరి తాల్చేరు బొగ్గు గనుల పక్కకి పంపడమే చవక. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఇప్పుడు ఆ బొగ్గుకీ గండం వచ్చింది, తయారీలో వెలువడే కార్బన్‌ని బట్టి దిగుమతులపై యూరప్ వేసే కార్బన్ పన్ను పరిధిలో 2026 జనవరి నుంచి అల్యూమినియం కూడా ఉంది.

గుణుపురం_గోల:
మాస్టారూ, లెక్క ఒప్పుకుంటా, కుట్ర లేదంటే మాత్రం ఒప్పుకోను. 2014లో పెట్టిన రేటు ప్రకారం బాక్సైట్ రాయల్టీ ఎంతో తెలుసా, అందులో ఉన్న లోహానికి లండన్ మార్కెట్ ధరలో 0.6 శాతం. 2015లో జిల్లా ఖనిజ నిధి అని తెచ్చారు, అది ఆ రాయల్టీలో పదో వంతు, పాత లీజులైతే 30 శాతం. ఆ వచ్చిందైనా సరిగ్గా వాడితే కదా! మా వైపు ఒక బ్లాకులో ట్రైనింగ్ సెంటర్ కట్టారు, లేత్ మిషన్‌కి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు.

ఇంకోటి, నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకానికి అక్కడివాళ్లు అడ్డుపడ్డారు కాబట్టే ఉద్యోగాలు రాలేదని ఇక్కడ ఎవరో ఒకరు రాస్తారు, ముందే చెప్తున్నా. 2013లో సుప్రీంకోర్టు అడగమంటే 12 గ్రామసభలూ వద్దన్నాయి. దానికి ఆ కొండ బాక్సైట్ మీద ఆశ పెట్టుకున్న లాంజిగఢ్ అల్యూమినా రిఫైనరీ ఆగిందా? వేరే చోట్ల నుంచి బాక్సైట్ తెచ్చుకుని నడుస్తూనే ఉంది. గేట్ బయట మనవాళ్లు కూడా అలాగే ఉన్నారు.

హైదరాబాద్_బావ:
స్మెల్టర్ వచ్చేసినా మీ తమ్ముడికి ఒరిగేదేం లేదు తమ్ముడూ, కొత్త లైన్లలో క్రేన్ కూడా కంట్రోల్ రూంలోంచే నడుపుతున్నారు. పని దొరికేది లోహం తయారయ్యాక. నేను కిటికీల ఫ్యాబ్రికేషన్‌లో ఉన్నా, మా షాపులో కోత, డ్రిల్లింగ్, ఫిట్టింగ్ అన్నిటికీ మనుషులే కావాలి. అంగుల్ నుంచి బిల్లెట్, అంటే అల్యూమినియం దిమ్మెలు తెచ్చుకుని రాయగడలో వాటిని కిటికీ సెక్షన్లుగా నొక్కి తీసే ఎక్స్‌ట్రూజన్ ప్రెస్సు పెట్టుకోవచ్చు, కొనేవాడు దొరకాలంతే. ఈలోగా రైల్వే పరీక్షలు రాయించు, తెలుగులోనూ రాయొచ్చు. 2025 జనవరిలో రాయగడ డివిజన్‌కి శంకుస్థాపన చేశారు కదా అని ధీమాగా ఉండొద్దు, ఆ పోటీ దేశమంతటితో.

రాయగడ_కుర్రోడు:
అందరికీ థాంక్స్. బావా, కిటికీ సెక్షన్లు కొనే షాపులు ఇక్కడ చాలానే ఉన్నాయి, మరి సరుకంతా విశాఖ నుంచే ఎందుకొస్తోందో కనుక్కుంటా. గుణుపురం అన్నా, ఆ లేత్ ఏ బ్లాకులో ఉందో ఇన్‌బాక్స్‌లో పెట్టు. కవర్ మా తమ్ముడు విప్పుతాడు.