న్యూజెర్సీలో యూదుల సామాజిక కేంద్రంలో పెద్దల తరగతులు: నేను చేరవచ్చా? ఒంగోలులో ఇలాంటిది సాధ్యమేనా?

లాయరుపేట అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటరులోనే గడిపి, నిరుడు పదవీ విరమణ చేశాను. ఏప్రిల్‌లో న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను, దీపావళికి ముందు తిరిగి వస్తాను. కిందటిసారి అక్కడ పగలంతా ఒక్కదాన్నే. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవడు బడికి. కిటికీలోంచి ఎంతసేపు చూసినా రోడ్డు మీద మనిషి కనబడేవాడు కాదు. ఈసారి అలా ఉండనివ్వనని అబ్బాయి గట్టిగా చెప్పాడు.

వాళ్ల ఇంటి దగ్గర యూదుల సామాజిక కేంద్రం ఒకటి ఉందట. జేసీసీ అంటారట. ఈత కొలను, వ్యాయామశాల, పసిపిల్లల బడితో పాటు పెద్దవాళ్లకు రకరకాల తరగతులు నడుపుతారట. చరిత్ర ఉపన్యాసాలు, పుస్తక చర్చలు, హీబ్రూ భాష, చిత్రలేఖనం, సినిమా చూసి దాని గురించి మాట్లాడుకోవడం. అబ్బాయి పంపిన జాబితాలో "రూతు గ్రంథం కలిసి చదువుదాం" అన్నది (బైబిలులోని ఒక చిన్న కథట) చూడగానే మనసు దాని మీదికే పోయింది.

నా సందేహాలు ఇవి. మేము హిందువులం, మమ్మల్ని రానిస్తారా? ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ నలుగురిలో మాట్లాడాలంటే నోరు పెగలదు. అలాంటి మనిషి అక్కడ కూర్చుని ఏం చేయాలి?

ఇంకో మాట కూడా. ఒంగోలులో మా వయసు వాళ్లకు ప్రవచనాలకు కొదవ లేదు. వెళ్తాం, వింటాం, ప్రసాదం తీసుకుని వస్తాం. మనసులో పుట్టిన ప్రశ్నను అడిగే చోటే లేదు. తిరిగి వచ్చాక ఇక్కడ అలాంటిది పెట్టగలమా?

---

పెన్నాతీరం:

తప్పకుండా వెళ్లండమ్మా. నెల్లూరులో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మా అమ్మాయి ఉండే ఊళ్లో ఇలాంటి కేంద్రంలోనే రూతు గ్రంథం చదివాను. కళ్లారా చూసింది చెప్తాను.

అది గుడి కాదు. వాళ్ల ప్రార్థన మందిరం సినగాగ్, అది వేరే. ఈ కేంద్రంలోకి ఏ మతం వాళ్లయినా వెళ్లవచ్చు. మా తరగతిలో కొరియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇద్దరు క్యాథలిక్ అక్కచెల్లెళ్లు ఉండేవారు. మతం మారుస్తారేమోనన్న బెంగ అసలే వద్దు. తమ మతంలో చేరతామని వచ్చినవాళ్లను కూడా మూడుసార్లు వెనక్కి పంపాలన్న సంప్రదాయం వాళ్లది. దానికి ఆధారంగా చూపేది మీరు చదవబోయే కథనే. భర్తనూ ఇద్దరు కొడుకులనూ మోయాబు దేశంలో పోగొట్టుకున్న నయోమి, సొంత ఊరికి బయలుదేరుతూ కోడళ్లిద్దరినీ మీ పుట్టిళ్లకు వెళ్లిపొమ్మని మూడుసార్లు చెబుతుంది. ఒర్పా ఏడ్చి, అత్తను ముద్దాడి వెళ్లిపోతుంది. రూతు వెళ్లదు.

ఇక తరగతి ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. పాఠం చెప్పే ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. తలా ఒక కాగితం ఇచ్చి ఇద్దరిద్దరిగా కూర్చోమంది. కాగితం మీద నాలుగైదు హీబ్రూ వాక్యాలు, పక్కన ఇంగ్లీషు, కింద రాషీ వ్యాఖ్య. ఈ రాషీ పదకొండో శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు. జోడీలో ఒకరు పైకి చదవాలి, రెండోవారు ఆపి అడగాలి. దీన్ని హవ్రూతా అంటారు. వాళ్ల పాఠశాలల్లో తరతరాలుగా నడుస్తున్న పద్ధతి ఇది. గదిలో ఏడెనిమిది జోడీలు ఒక్కసారిగా మాట్లాడుతుంటే మొదట ఏమీ వినబడదు. కాసేపటికి ఎదుటి మనిషి గొంతు తప్ప ఇంకేదీ వినబడదు.

నాకు జోడీగా వచ్చినావిడ నర్సుగా పనిచేసి రిటైరైన పెద్దావిడ. ఒర్పా వెళ్లిపోయిన వాక్యం మీద వేలు పెట్టి, "ఈ పిల్ల చేసిన తప్పేమిటి? అత్త చెప్పిన మాటే కదా విన్నది" అంది. నేను రూతు పక్షం పట్టాను. ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. పాఠం చెప్పే ఆవిడ మా బల్ల దగ్గరికి వచ్చి కాసేపు విని, ఇప్పుడు పక్షాలు మార్చుకోండి అంది. ఒర్పా తరఫున మాట్లాడటం మొదలుపెట్టాక మా పెదనాన్న కూతురు గుర్తొచ్చింది. భర్త పోయిన ఏడాదిలోపే పుట్టింటికి వచ్చేసిందని ఊరంతా ఆడిపోసుకున్న మనిషి. ఆమె తరఫున ఇంట్లో ఒక్కరం నోరు విప్పలేదు. ఆ బల్ల దగ్గర, నా ముక్కల ఇంగ్లీషులో, ఆమె కోసం మాట్లాడాను. నర్సమ్మ మధ్యలో ఒక్కసారి కూడా నా భాషను సరిదిద్దలేదు. "ఆ తర్వాత?" అని మాత్రం అడిగింది. మీ రెండో సందేహానికి నా జవాబు అదే.

యూదు మత గురువుల చర్చలన్నీ ఉన్న పాత గ్రంథం తల్మూద్‌లో ఒక కథ ఉంది. రబ్బీ, అంటే మత గురువు, యోహానాన్‌కు చదువులో జోడీ రేష్ లాకిష్. అతను చనిపోయాక, దుఃఖంలో ఉన్న యోహానాన్ దగ్గరికి మరో పండితుణ్ణి పంపారు. అతను యోహానాన్ ఏం చెప్పినా ఒప్పుకుని, పైగా దానికి ఆధారం చూపేవాడు. యోహానాన్ కోపగించుకున్నాడు. నేను చెప్పింది నిజమని నాకు తెలియదా? రేష్ లాకిష్ అయితే ప్రతి మాటకూ 24 అభ్యంతరాలు చెప్పేవాడు, నేను 24 జవాబులు చెప్పేవాణ్ణి, అలా విషయం తేటపడేది అన్నాడు. ఎన్నో ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఈ కథ ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది. తల ఊపే పిల్లల్ని మంచి విద్యార్థులని మెచ్చుకునే అలవాటు మన బళ్లలో ఎంత లోతుగా పాతుకుపోయిందో మీకూ తెలుసు.

పెద్దల చదువును వాళ్లు ఎంత పట్టుదలగా నిలబెట్టుకున్నారో కూడా చెప్పాలి. ఫ్రాన్జ్ రోజెన్‌జ్వైగ్ అనే తత్వవేత్త 1920లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్దల కోసం ఒక స్వేచ్ఛా విద్యాలయం పెట్టాడు. తమ సంప్రదాయానికి దూరమైపోయిన వకీళ్లు, డాక్టర్లు, వ్యాపారులు అక్కడికి వచ్చేవారు. ఏమీ తెలియకపోవడం అక్కడ అనర్హత కాదు. నాజీలు వచ్చాక 1933లో మార్టిన్ బూబర్ దాన్ని మళ్లీ తెరిచాడు. 1938 వరకు నడిచింది. ఉద్యోగాల నుంచి గెంటేస్తున్న రోజుల్లో ఆ మనుషులు సాయంత్రాలు కూర్చుని చదువుకున్నారు. కాలక్షేపానికి ఎవరైనా అలా చేస్తారా?

తెలుగు బైబిలు ఒకటి వెంట తీసుకెళ్లండి. రూతు కథ నాలుగే అధ్యాయాలు, న్యాయాధిపతుల గ్రంథం తర్వాత ఉంటుంది. మే, జూన్ నెలల మధ్య వచ్చే షావూత్ పండుగకు వాళ్లు దాన్ని చదువుతారు. ఆ రాత్రి తెల్లవార్లూ మేలుకుని చదువుకునే ఆచారం కూడా ఉంది. మీ ప్రయాణం సరిగ్గా ఆ సమయానికే పడుతోంది. రమ్మంటే తప్పక వెళ్లండి.

---

కందుకూరు కుర్రాడు:

మేడమ్, అక్కడే పనిచేస్తున్నాను కాబట్టి అవసరమైన నాలుగు ముక్కలు చెప్తాను. సందర్శక వీసా మీద డిగ్రీకి లెక్కలోకి రాని ఇలాంటి చిన్న తరగతులకు వెళ్లవచ్చు, ఇబ్బంది లేదు. సాధారణంగా సభ్యత్వం వేరు, తరగతి రుసుము వేరు. సభ్యత్వం లేకపోయినా తరగతికి మాత్రం చేరవచ్చా, పెద్దవాళ్లకు తగ్గింపు ఉందా అని అడగండి. గుమ్మం దగ్గర సంచి తనిఖీ చేస్తారు, గుర్తింపు కార్డు అడుగుతారు. నొచ్చుకోకండి. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో కాల్పులు జరిగి 11 మంది చనిపోయారు. ఆ తర్వాత చాలా చోట్ల కాపలా పెంచారు. తినుబండారాలు తీసుకెళ్లే ముందు కూడా అడగాలి. వాళ్ల ఆహార నియమాల్లో పాలూ మాంసమూ కలవకూడదు, చాలా చోట్ల ఇంట్లో వండినవి లోపలికి రానివ్వరు.

ఇంగ్లీషు గురించి దిగులు వద్దు. న్యూయార్క్‌లో 1889లో యూదులు ఎడ్యుకేషనల్ అలయన్స్ పెట్టిందే ఓడలు దిగి వచ్చిన తమవాళ్లకు ఇంగ్లీషు నేర్పడానికి. అలాంటి సంస్థల కొనసాగింపే ఈ కేంద్రాలు. తడబడుతూ మాట్లాడే మనిషి వాళ్లకు కొత్త కాదు. మా అమ్మను కూడా చేర్చాలని ఉంది, మీరు వెళ్లి వచ్చి రాయండి, ఆమెకు చూపిస్తాను.

---

కలిగిరి రోడ్డు:

పెన్నాతీరం మేడమ్ చెప్పినదంతా బాగుంది. మన దగ్గర తల ఊపే అలవాటే ఉందన్న మాటకు మాత్రం నేను అడ్డం చెబుతాను. 24 అభ్యంతరాల్లో ఇది మొదటిది అనుకోండి.

1991లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వాలంటీరుగా రాత్రి బడి నడిపాను. పొద్దంతా నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చునేవారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా మీద తిరగబడిన పల్లె కథ. నేను అక్షరాలు దిద్దించాలని చూస్తుంటే, ఒక అవ్వ పలక కింద పెట్టి, "సీతమ్మ ఊళ్లో జరిగింది మన ఊళ్లో ఎందుకు జరగదు అయ్యా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జవాబు మా జిల్లాలోనే దూబగుంట అనే పల్లె ఆడవాళ్లు చెప్పారు, వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ చెప్పింది. సారా దుకాణాలు మూయించారు, వేలం పాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదంతా మొదలైంది పెద్దల చదువు దగ్గరే. ప్రశ్న మనకు పరాయిది కాదు, మనమే దాన్ని గాలికొదిలేశాం.

కాబట్టి లాయరుపేట అమ్మగారూ, ఒంగోలులో తప్పకుండా సాధ్యమే. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని 1918లో ఊరివాళ్లే కలిసి పెట్టుకుని నిలబెట్టుకున్నారు. నా సలహా ఒక్కటే: మైకు పెట్టకండి. మైకు ఉంటే ఒకరే మాట్లాడతారు, దండలూ శాలువాలూ వచ్చేస్తాయి, ముఖ్య అతిథి కోసం గంటసేపు కూర్చోవాలి. బల్లలు, కుర్చీలు, ఫోటోస్టాట్ కాగితాలు చాలు. తిక్కన విరాటపర్వం పట్టండి, ద్రౌపది అడిగే ప్రశ్నలకు కొదవ లేదు.

ఇంకొకటి. యూదుల చదువు చూడటానికి అమెరికాయే వెళ్లాలని లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉంది, బెనె ఎఫ్రాయిమ్ అంటారు. కూలి పనులు చేసుకునే కుటుంబాలే ఎక్కువ. 1990ల తొలినాళ్ల నుంచి సొంత ప్రార్థన మందిరం ఉంది. పెద్దవాళ్లయ్యాక హీబ్రూ నేర్చుకున్నవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్ల గురించి అమెరికాలో మీ జోడీకి చెప్పండి, తప్పక ఆసక్తిగా వింటారు.

---

పెన్నాతీరం:

మీ అభ్యంతరం ఒప్పుకోను మాస్టారూ, పూర్తిగా ఒప్పుకోను. రాత్రి బడిలో అవ్వ అడిగింది నిజమే. కానీ పదో తరగతి ఫలితాల కోసం నడిచే బడిలో ఏ పిల్ల అలా అడగగలదు? మైకు గురించి మాత్రం మీదే పైచేయి.

---

లాయరుపేట:

అందరికీ ధన్యవాదాలు. రూతు తరగతికి పేరు నమోదు చేయమని అబ్బాయికి చెప్పేశాను. కొత్తరెడ్డిపాలెం సంగతి నాకు ఇప్పుడే తెలిసింది, బయలుదేరేలోగా వీలైతే ఒకసారి వెళ్లి వాళ్లను కలవాలని ఉంది.

కలిగిరి మాస్టారూ, తిక్కన గొప్పవాడే. కానీ ప్రకాశం జిల్లా వాళ్లం ఎర్రన్నను పక్కన పెట్టి నెల్లూరు దాకా పోము. అద్దంకి రెడ్డిరాజు కొలువులో ఉన్న కవి మావాడు. నన్నయ వదిలిన అరణ్యపర్వం పూర్తి చేసింది ఆయనే, యక్షప్రశ్నలు ఉన్నదీ ఆ భాగంలోనే. యక్షుడుగా ఒకరు, ధర్మరాజుగా ఒకరు కూర్చుని, ధర్మరాజు జవాబు నచ్చకపోతే యక్షుడు ఒప్పుకోకూడదు. మధ్యలో పక్షాలు మార్చుకోవాలి.

ప్రయాణానికి ముందే గ్రంథాలయానికి వెళ్లి, సాయంత్రం వేళ ఒక గది ఇస్తారేమో అడిగి వస్తాను. కార్తీకంలో మొదలుపెడదాం. నాలుగు జోడీలు కుదిరితే చాలు. ఒంగోలు, చీమకుర్తి, కొండపి వైపు వాళ్లు ఎవరైనా రాగలిగితే ఇక్కడే చెప్పండి. పద్యం చదవడం రాకపోయినా ఫరవాలేదు, పక్కవాళ్లు చదువుతారు. అడగడం వస్తే చాలు.