రాడార్ గదిలో చేత్తో ప్లాటింగ్: ఇప్పటి పిల్లలకు నేర్పాలా, వద్దా?

పాలమూరు మాస్టరు:
మహబూబ్‌నగర్‌లో, వాయుసేనలో చేరే అగ్నివీర్ వాయు పరీక్షకు తయారయ్యే పిల్లలకు సాయంత్రాలు లెక్కలు, ఫిజిక్స్ చెబుతాను. పోయిన ఆదివారం దేవరకొండ నుంచి ఒక రిటైర్డ్ ఎయిర్‌మన్ సార్ వచ్చారు. రాడార్ యూనిట్‌లో ప్లాటర్‌గా, అంటే రాడార్‌కు చిక్కిన విమానాల స్థానాలను బోర్డు మీద చేత్తో గుర్తు పెట్టే పని చేసినాయన. పాత కిటికీ అద్దం నిలబెట్టి, శ్రీశైలం, సాగర్, నల్లగొండ, పాలమూరు గుర్తులు పెట్టి, పిల్లలను అద్దం వెనక్కి పంపి విమానాల జాడ గీయించారు. రెండున్నర గంటలు పట్టింది. పిల్లలు కదల్లేదు. సోమవారం ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేశారు, పరీక్షలో లేనిది ఎందుకు చెబుతున్నారని. నాకూ ఎటూ తేలడం లేదు. కొనసాగించమంటారా?

సూర్యాపేట సాఫ్ట్‌వేర్:
వద్దు సార్. పెద్దాయన మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఇప్పుడు మన వాయుసేనలో రాడార్లన్నీ కలిపి ఒకే చిత్రంగా చూపించే ఐఏసీసీఎస్ వ్యవస్థ ఉంది. 2025 మే 8 రాత్రి పాకిస్థాన్ 36 చోట్లకు దాదాపు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వమే చెప్పింది. అద్దం వెనక నిలబడి ఎన్నింటిని గీస్తారు? ఒక మనిషి నాలుగైదు ట్రాకులు, అంటే నాలుగైదు విమానాల జాడలు మోయడమే కష్టం. పిల్లల టైమ్ విలువైనది.

దేవరకొండ రిటైర్డ్:
తమ్మీ, 400 డ్రోన్లను చేత్తో గీయమని నేనూ అనను. ముందు ఆ పని ఎట్లుండేదో చెప్తాను.

స్కోపు, అంటే రాడార్ తెర దగ్గర కూర్చున్న ఆపరేటర్ బ్లిప్ (విమానం ఉన్నచోట వెలిగే చుక్క) చూసి, హెడ్‌సెట్‌లో స్థానం చెప్తాడు. అది జియోరెఫ్‌లో, అంటే భూమిని గళ్లుగా విడదీసి స్థానం చెప్పే పద్ధతిలో ఉంటుంది: నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. నల్లగొండ టౌన్ అయితే టీహెచ్ఈసీ 1603. పాలమూరు అయితే టీహెచ్‌సీబీ 5944. మొదటి రెండంకెలు తూర్పుకు నిమిషాలు (టైమ్ కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు), తర్వాతి రెండు ఉత్తరానికి. నేను పెర్స్‌పెక్స్ (అద్దంలాంటి ప్లాస్టిక్) బోర్డు వెనక నిలబడి మైనపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పక్కన టైమ్, ఎత్తు, ట్రాక్ నంబరు రాయాలి. ముందు కూర్చున్న కంట్రోలర్‌కు నా వీపు అడ్డం రాకూడదని వెనక నుంచి రాయడం. అందుకే ప్రతి అంకె తిరగేసి రాయాలి. డ్యూటీ దిగేసరికి గోళ్ల సందున మైనం, చొక్కా చేతికి మరకలు.

ఒక రాత్రి నిద్రమత్తులో నేను 2ను తిరగేయకుండా రాశాను. అవతలి నుంచి చూస్తే అది 5లాగే ఉంటుంది. ఉత్తరం వైపు 22 కాస్తా 52 అయింది. అంటే విమానం ఒక్క నిమిషంలో 55 కిలోమీటర్లు ఉత్తరానికి దూకినట్టు! గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయేది నిమిషానికి 15 కిలోమీటర్లే పోతుంది. కంట్రోలర్ సార్ తల ఎత్తి "ప్లాటర్, చెక్" అన్నారు. చేతులు చల్లబడిపోయాయి. అప్పటి నుంచి ప్రతి గుర్తు పెట్టే ముందు, అది ఎక్కడ పడాలో నా కన్నే ముందు వెళ్లి చూసుకునేది. ఆ కన్ను పిల్లలకు రావాలని నా తాపత్రయం.

సూర్యాపేట సాఫ్ట్‌వేర్:
సార్, మీ ఉదాహరణే నా మాటను బలపరుస్తోంది. మెషిన్ 2ను 5గా రాయదు. పైగా ఇంత వేగం అసాధ్యమని చూసి అలాంటి పాయింట్‌ను పక్కన పెట్టడం ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ చేసే మొట్టమొదటి పని. విమానం తర్వాత ఎక్కడ ఉండాలో అంచనా వేసే కాల్మన్ ఫిల్టర్ అనే లెక్క పద్ధతి 1960 నుంచి ఉంది. మీ కన్ను చేసిన పనే అది అలసిపోకుండా చేస్తుంది.

ఇంకొకటి. 1988 జూలై 3న అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది పోయారు. నౌకలోని ఏజిస్ అనే రాడార్, ఆయుధాల కంప్యూటర్ వ్యవస్థ రికార్డుల్లో ఆ విమానం పైకి ఎక్కుతోంది. గదిలో మనుషులు మాత్రం కిందికి దిగుతూ తమ మీదికి వస్తోందన్నారు. అక్కడ మెషిన్‌ది తప్పు కాదు.

నల్లగొండ అమ్మ:
మా అబ్బాయి ఈసారి సైన్స్ గ్రూపులో రాస్తున్నాడు. ఇంగ్లిష్, ఫిజిక్స్, మ్యాథ్స్, గంట టైమ్. పోయినసారి తప్పాడు. ఇంట్లో ఎంత టెన్షన్‌గా ఉందో మీకు తెలియదు. పెద్దాయన చెప్పేది వింటుంటే నాకూ ఒళ్లు జలదరించింది, కానీ సెలెక్ట్ అయ్యాక వాయుసేన వాళ్లే నేర్పుతారు కదండీ. ముందు లోపలికి వెళ్లనివ్వండి.

దేవరకొండ రిటైర్డ్:
అమ్మా, మీ బాధ న్యాయమైనదే. రెండున్నర గంటలు ఎక్కువే, ఒప్పుకుంటాను.

తమ్మీ, విన్సెన్స్ మాట నిజం. కానీ ఆ రోజు తెర మీద అంకె కళ్ల ముందే ఉంది కదా. అయినా ఆ తప్పు ఎందుకు ఆగలేదు? ఎత్తు నిమిషం నిమిషానికి తన చేత్తో రాసుకుంటూ వచ్చినవాడు ఎక్కేదాన్ని దిగుతోందని అనగలడా? నేనైతే అనలేను. మన దగ్గర 2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వాయుసేన వాళ్లు, కింద ఒక పౌరుడు పోయారు. అది పెద్ద పొరపాటని ఆ అక్టోబర్‌లో వాయుసేనాధిపతి భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. చుక్క దొరకడం వేరు, అది ఎవరిదో తేల్చడం వేరు. నన్ను భయపెట్టేది ఆ రెండోదే.

మిర్యాలగూడ చరిత్ర:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. 1941 డిసెంబర్ 7న హవాయిలోని ఒపానా రాడార్ దగ్గర ఇద్దరు సైనికులు ఉదయం 7:02కు, 130 మైళ్లకు పైగా దూరంలో విమానాల పెద్ద గుంపును పట్టుకుని ప్లాట్ చేశారు. కంట్రోల్ గదిలో ప్లాటర్లు 7 గంటలకే డ్యూటీ దిగి వెళ్లిపోయారు. ఫోన్ అందుకున్న అధికారి పట్టించుకోవద్దన్నాడు. కాసేపట్లో అక్కడి అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ప్లాటింగ్ ఒక్కటే నేర్పితే చాలదు దేవరకొండ సార్, ఫోన్ అందుకునేవాడికీ నేర్పాలి.

సూర్యాపేట సాఫ్ట్‌వేర్:
ఎవరిదో తేల్చడం అసలు కష్టమన్న మాటకు నేనూ తల ఊపుతాను. అది అద్దం మీద గీస్తే వస్తుందని మాత్రం ఇంకా నమ్మకం కుదరడం లేదు. సిమ్యులేటర్ మీద వంద తప్పుడు ట్రాకులు ఇచ్చి పట్టుకోమంటే ఇంకా బాగా వస్తుంది. కావాలంటే మాస్టరు గారి పిల్లలకు నేను ఒక చిన్న ప్రోగ్రామ్ రాసిస్తాను.

పాలమూరు మాస్టరు:
రాసివ్వు బాబూ, తప్పకుండా వాడతాను. నల్లగొండ అమ్మగారూ, వచ్చే ఆదివారం నుంచి ఇది గంట మాత్రమే, అదీ ఫిజిక్స్ క్లాసులోనే. మొన్నటి లెక్క ఒకటి చెబుతాను చూడండి: శ్రీశైలం డ్యామ్ నుంచి సాగర్ డ్యామ్‌కు తిన్నగా దాదాపు 70 కిలోమీటర్లు, విమానం వేగం గంటకు 900, ఎన్ని నిమిషాలు? పుస్తకంలో ఇలాంటి లెక్కకే తడబడే పిల్లవాడు అద్దం వెనక నుంచి "ఐదో నిమిషానికి సాగర్ మీద ఉంటుంది సార్" అని అరిచాడు. పెన్సిల్ అప్పటికే సాగర్ దగ్గర పెట్టి ఉంది.

దేవరకొండ సార్, 11 గంటలకు వచ్చేయండి. అద్దం తుడిచి ఉంచుతాను.