కాపు అయిపోయిన మొక్కను పీకాలా, మొదలు కోసి వదిలేయాలా?

పెరటిమడి:
మడుల్లో టమాటా, వంగ, బెండ, తీగ చిక్కుడు కాపు చివరికొచ్చేశాయి. కుండీల్లో మిరప కూడా అంతే. వేళ్లతో సహా పీకేసి, మడి తవ్వి ఆరబెట్టాలన్నది పాత మాట. తవ్వకుండా సాగుచేసేవాళ్లు మాత్రం మొదలు కోసి, వేళ్లను మట్టిలోనే వదిలేయమంటున్నారు. ఏది సరైనదో కారణాలతో చెప్పండి. "మేం ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అనే జవాబులు వద్దు.

వానపాము:
కోసి వదిలేయడమే మేలు. వేరు కుళ్లిపోయాక అది ఉన్న చోట సన్నటి గొట్టంలాంటి దారి మిగులుతుంది. నీరు, గాలి, తర్వాతి పంట వేళ్లు ఆ దారినే కిందికి దిగుతాయి. పీకితే ఆ దారులు ఉండవు. పైగా బాగా పెరిగిన టమాటా మొక్కను లాగితే పారెడు మట్టి దాంతోపాటే పైకొస్తుంది. అదంతా వేళ్ల చుట్టూ గుల్లగా తయారైన మంచి మట్టి.

అయితే కోసే తీరు తెలియాలి. నేలకు పైన కోస్తే వంగ, మిరప మళ్లీ చిగుళ్లు వేస్తాయి. మొదలు చుట్టూ మట్టి పక్కకు తీసి, రెండు మూడు సెంటీమీటర్ల లోతున, పక్కవేళ్లు మొదలయ్యే చోట కోయాలి. ముదిరిన వంగ, బెండ కాండాలకు కత్తెర లొంగదు, చిన్న రంపం వాడండి. మట్టి తిరిగి కప్పి, పైన ఐదారు సెంటీమీటర్ల మందాన ఎండాకులు పరవండి. చిక్కుడైతే ఇంకా లాభం, వేరు బుడిపెలు గాలి నుంచి పట్టిన నత్రజని అంతా తర్వాతి పంటకే.

నులిపురుగు వేట:
వానపాము గారూ, వేరు ఆరోగ్యంగా ఉందనే నమ్మకం మీద నిలబడిన సలహా అది. పెరటిమడి గారు అడిగిన నాలుగు మడి పంటల్లో టమాటా, వంగ, బెండ మూడూ వేరుముడి నులిపురుగులకు, అంటే వేళ్లలో చేరి ముడులు కట్టించే కంటికి ఆనని పురుగులకు, మహా ఇష్టం. చిక్కుడునూ వదలవు. పైన మొక్క కాస్త పాలిపోయి, మధ్యాహ్నం వేళ వాలినట్టు కనిపిస్తుంది, అంతే. కిందేముందో పీకితేగానీ తెలియదు.

పైభాగం కోసేసినంత మాత్రాన వేరు ఆ రోజే చచ్చిపోదు. కొన్నాళ్లు బతికే ఉంటుంది, అంతవరకూ ఆడ పురుగు దాన్ని తింటూ గుడ్లు పెడుతూనే ఉంటుంది. జిగురులాంటి ఒక్కో ముద్దలో వందల గుడ్లుంటాయి. నేల వెచ్చగా ఉంటే సుమారు నాలుగు వారాలకో తరం. అంటే చివరి కాయ కోశాక "తర్వాత చూద్దాంలే" అని వదిలేసిన నెల రోజుల్లో ఇంకో తరం తయారవుతుంది. కాపు ఆగిన వారంలోపే వేళ్లు బయటికి రావాలి.

వానపాము:
పీకితే మాత్రం అన్నీ వస్తాయా? లావు వేళ్లు వస్తాయి. సన్నవి తెగి లోపలే ఉండిపోతాయి. పురుగూ అక్కడే ఉంటుంది, మడి మాత్రం గుల్లవుతుంది.

నులిపురుగు వేట:
జుట్టు పట్టుకుని లాగినట్టు లాగితే తెగుతాయి మరి. ముందురోజు మడి తడపండి. మొదలుకు 20–25 సెంటీమీటర్ల దూరంలో పళ్లపార దించి, కింది నుంచి పైకి ఎత్తుతూ రెండు మూడు వైపులా వదులు చేయండి. అప్పుడు మొదలు పట్టుకుని మెల్లగా ఎత్తితే ముడులున్న వేళ్లలో ఎక్కువ భాగం వచ్చేస్తాయి. అన్నీ రావు, నిజమే. కానీ తర్వాతి పంట లేత వేళ్లు పట్టుకునే నాటికి మట్టిలో పురుగులు వేలల్లో ఉన్నాయా, వందల్లో ఉన్నాయా అన్నదే తేడా.

ఆ వేళ్లను మడి గట్టు మీద పడేయకండి. ఎండలో పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి తోట బయటికి పంపండి. కంపోస్టులోకి వద్దు.

లెక్కమనిషి:
చిక్కుడు నత్రజని గురించి ఒక మాట, ఎందుకంటే ప్రతి చోటా ఇదే వినిపిస్తుంది. బుడిపె పనిచేస్తున్నంత కాలం కోస్తే లోపల గులాబీ రంగు ఉంటుంది. గింజ ముదిరేసరికి ఆకుపచ్చగానో గోధుమగానో మారి మెత్తబడుతుంది. అప్పటికి మొక్క కూడబెట్టిన నత్రజనిలో అధిక భాగం గింజల్లోకి పోయింది, ఆ గింజలు వంటింట్లోకి పోయాయి. వేళ్లలో మిగిలేది చిన్న వాటా. నేలకు నత్రజని కావాలంటే పూత దశలోనే మొక్క మొత్తాన్ని కోసి మట్టికివ్వాలి. కాయలు కోసుకుని వేళ్లు వదిలేసి ఎరువు తగ్గించుకుంటే తర్వాతి పంట పసుపెక్కుతుంది.

వేళ్లు వదలడం తప్పని కాదు. వదిలితే నేల గుల్లదనం కోసం వదలండి.

వానపాము:
ఒప్పుకుంటాను. "అంతా తర్వాతి పంటకే" అనడం ఎక్కువైంది.

పెరటిమడి:
చిక్కుడు వేరుకి ఎలాగూ బుడిపెలుంటాయి కదా. వాటినీ నులిపురుగు ముడులనూ వేరు చేసి చూడటం ఎలా?

నులిపురుగు వేట:
గోటితో తోయండి. నత్రజని బుడిపె వేరుకు ఒక పక్కన పూసలా అతుక్కుని ఉంటుంది, తోస్తే ఊడొస్తుంది. నులిపురుగు ముడి అంటే వేరే ఉబ్బిపోవడం. తోస్తే రాదు, గట్టిగా లాగితే వేరు తెగుతుంది. వేరును నీళ్లలో కడిగి చూడండి, మట్టితో ఉంటే రెండూ ఒకేలా కనబడి మోసపోతారు.

కుండీతోట:
మడుల సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. కుండీల విషయంలో వాదన లేదు, పీకాల్సిందే. పన్నెండంగుళాల కుండీలో మిరప ఒక సీజన్ ఉంటే వేళ్లు గోడ వెంబడి చాపలా అల్లుకుంటాయి. అది వదిలేసి మధ్యలో కొత్త నారు నాటితే, పోసిన నీరు ఎండిన వేళ్ల చాపకూ కుండీ గోడకూ మధ్య సందులోంచి జారి కింది రంధ్రం నుంచి బయటికొస్తుంది. నీళ్లు కారాయి కాబట్టి తడిసిందనుకుంటారు, లోపల ముద్ద పొడిగానే ఉంటుంది.

కుండీ బోర్లించి వేళ్లు విదిలించండి. శుభ్రంగా ఉన్న మట్టిని తిరిగి వాడొచ్చు, మూడో వంతు కొత్త కంపోస్టు కలపండి. అంచుల మీద తెల్లటి పూత కనిపిస్తే అది ఎరువులూ నీళ్లూ వదిలిన ఉప్పు. నాటేముందు కుండీ పరిమాణానికి మూడు నాలుగు రెట్ల నీరు మెల్లగా పోసి కిందికి వెళ్లనివ్వండి.

ఎరువుగుంత:
కోసిన పైభాగాలు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అన్నీ కంపోస్టులో వేయొచ్చు, కుప్ప వేడెక్కితే తెగుళ్లు చస్తాయి.

లెక్కమనిషి:
"వేడెక్కితే" అన్న మాట దగ్గరే చిక్కు. కుప్ప లోపల 55 డిగ్రీలు కనీసం మూడు రోజులు నిలవాలి. తర్వాత అంచుల్లో ఉన్నది మధ్యలోకి తిరగేసి మళ్లీ అంత వేడి రానివ్వాలి, అలా నాలుగైదు సార్లు. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు లేని కుప్ప సాధారణంగా ఆ వేడిని నిలుపుకోలేదు. ఇంటి డబ్బా కంపోస్టు కుళ్లుతుంది, ఉడకదు.

కాబట్టి తెగులును బట్టి చూడండి. ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ మోస్తుంది, ఎండిపోయిన ఆకులో అది నిలవదు. కంపోస్టు చేసుకోవచ్చు. కాకపోతే దోమ ఉన్న మొక్కను ఊపకుండా ముందు సంచి తొడిగి అప్పుడు కోయండి, లేదంటే దోమంతా లేచి పక్క మడిలో వాలుతుంది. అలాంటి మొక్క మొదలు మళ్లీ చిగురిస్తే మాత్రం ఆ చిగురే వైరస్‌కు ఇల్లు. ఆకుల మీద గుండ్రటి వలయాల మచ్చలు వేసే తెగులు శిలీంధ్రం ఎండు ఆకుల్లో తర్వాతి సీజన్‌దాకా ఉంటుంది, రాలిన ఆకులు కూడా ఏరి తీసేయండి. ఇక పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన చెత్తలో ఏళ్ల తరబడి బతకగలదు, మామూలు కుప్పకు లొంగదు.

నులిపురుగు వేట:
హఠాత్తుగా వడలి చచ్చిన మొక్క ఉంటే పీకేముందు ఒక పరీక్ష. మొదలు దగ్గర ఐదు సెంటీమీటర్ల కాండం ముక్క కోసి, గాజు గ్లాసులో తేటనీటికి కొస తగిలేలా వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో పాలదారాల్లా తెల్లటి జిగురు కిందికి జారితే అది బాక్టీరియా వడలు తెగులు. ఆ మొక్కను వేరుతోనూ చుట్టూ మట్టితోనూ తీసేయాలి. అక్కడ టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఏళ్ల తరబడి వద్దు. జిగురు రాకుండా, కాండం చీలిస్తే లోపల గోధుమ చారలుంటే శిలీంధ్రపు వడలు తెగులు. అదీ నేలలో ఏళ్లుంటుంది, ఆ వేరునూ వదలొద్దు.

ఈ మొక్కలకు వాడిన కత్తెరను ఒక్కో మొక్కకూ మధ్య 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. కర్రల మట్టి కడిగేసి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపి పది నిమిషాలు నానబెట్టండి. మట్టి కడక్కుండా ముంచితే బ్లీచ్ బలమంతా ఆ మట్టికే సరిపోతుంది.

వానపాము:
సరే, ఒక మెట్టు దిగుతున్నాను. ఒక్కో పంటలో ఒక మొక్కను, అందులోనూ అన్నిటికన్నా నీరసంగా ఉన్నదాన్ని ఎత్తి కడిగి చూడండి. వేరు నునుపుగా, తెల్లగా ఉంటే ఆ మడిలో మిగతావి కోసి వదిలేయండి. ముడులుంటే అన్నీ తీసేయండి. బాగున్న మడిని కూడా అనుమానంతో తిరగేయొద్దన్నదే నా మాట.

పెరటిమడి:
టమాటా వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. బెండకు మాత్రం అల్లం కొమ్ముల్లా ఉబ్బున్నాయి. ఆ మడి ఇప్పుడేం చేయాలి?

నులిపురుగు వేట:
వేళ్లు తీశాక, ఎండాకాలం కలిసొస్తే మట్టిని తడిపి సమం చేసి, పలుచటి పారదర్శక ప్లాస్టిక్‌ను మట్టికి ఆనేలా పరిచి అంచులు పూడ్చండి. నాలుగు నుంచి ఆరు వారాలు. నల్ల ప్లాస్టిక్ వద్దు, వేడి పైనే ఆగిపోతుంది. దీంతో పైపొరలోనివి బాగా చస్తాయి. లోతున ఉన్నవి మెల్లగా పైకొస్తాయి కాబట్టి ఒక్క దెబ్బతో అయిపోయిందనుకోకండి.

ఎండ లేకపోతే జనుము చల్లండి, పూత మొదట్లో కోసి మట్టిలో కలిపి రెండు మూడు వారాలు ఆగండి. పొట్టి రకం బంతి కూడా పనిచేస్తుంది, అయితే మడంతా దట్టంగా నాటి కనీసం రెండు నెలలు ఉంచాలి. టమాటా పక్కన రెండు బంతి మొక్కలు పెడితే అందమే.

లెక్కమనిషి:
అక్కడ టమాటానే వేయాలనుకుంటే, రకం పేరు పక్కన ఆంగ్ల 'ఎన్' అక్షరం ఉన్న విత్తనం చూడండి, నులిపురుగును తట్టుకుంటుందని గుర్తు. కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఆ గుణం సడలిపోతుంది. మండే ఎండల్లో దాని మీద ఆశ పెట్టుకోకండి, నాటితే మొదలు చుట్టూ మందంగా ఆకులు పరిచి నేలను చల్లగా ఉంచండి.