ఫ్రాన్స్‌లో ఇంటర్నెట్ బాక్స్ ఆపడం, రాని ఉత్తరాలు, వాపసు తీసుకోని షాపులు: మీ అనుభవాలు చెప్పండి

కొత్త_విల్లర్‌బాన్
నమస్కారం అండీ. లియోన్ పక్కన విల్లర్‌బాన్‌లో ఉంటున్నా, త్వరలో ఇల్లు మారాలి. ఇంటర్నెట్ బాక్స్ (రౌటర్ కనెక్షన్) ఆపాలంటే ఉత్తరమే రాయాలా? బ్యాంకు వాళ్ళు కార్డు పంపామంటారు, రాదు, ఎందుకు? షాపులో కొన్న ఇయర్‌ఫోన్లు వెనక్కి తీసుకోమంటే కుదరదంటున్నారు, న్యాయమేనా? రెస్టారెంట్లో టిప్ ఎంత ఇవ్వాలి?

గోదారిగట్టు
కింద మీ పోస్టుడబ్బా మీద పేరుందా, ముందు అది చెప్పండి. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్లే ఉండవు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసి వేస్తాడు, లేకపోతే ఆ చిరునామాలో అలాంటివారు లేరని తిప్పి పంపుతాడు. మన ఇంటిపేర్లతో ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరం, డబ్బా మీద పిలుపుపేరు. మూడూ ఒకేలా ఉండాలి. ఇంకొకరింట్లో ఉంటే చిరునామాలో "షే" (ఫలానా వారింట్లో) అని పెట్టి వాళ్ళ పేరు రాయించండి. రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చినప్పుడు మీరు లేకపోతే చీటీ పెట్టి వెళ్తారు. పోస్టాఫీసులో 15 రోజులే ఉంచుతారు, పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి.

కోడ్_కంఠతా
బాక్స్ ఆపడానికి రెకమాండే (రిజిస్టర్డ్ ఉత్తరం), అదీ ఆక్యూజే ద రిసెప్సియోఁతో (అందినట్టు రసీదుతో). వేరే దారి లేదు. ఉత్తరం వాళ్ళకు అందాక 10 రోజుల్లో లైను ఆగాలి, చట్టం అదే. ఫోన్లో చెప్పిన మాటకు ఈ దేశంలో విలువ లేదు.

నాంత్_వదిన
ఏ కాలంలో ఉన్నారండీ? 2023 జూన్ 1 నుంచి ఆన్‌లైన్లో తీసుకోగలిగే ఏ కాంట్రాక్టునైనా ఆన్‌లైన్లోనే ఆపే సదుపాయం పెట్టాలి. షాపుకెళ్ళి సంతకం చేసిన కాంట్రాక్టయినా సరే. సైటులో "రెజిలియే" (రద్దు చేయి) అని బటన్ ఉంటుంది, నొక్కాక అందినట్టు మెయిల్ వస్తుంది, అది దాచుకోండి. జిమ్ముకూ, ఇన్సూరెన్సుకూ ఇదే.

కోడ్_కంఠతా
బటన్ ఎక్కడో అట్టడుగున దాచిపెడతారు. కోర్టులో నిలిచేది కాగితమే. కన్జ్యూమర్ కోడ్ నాకు నేర్పకండి.

నాంత్_వదిన
దాచిపెడితే స్క్రీన్‌షాట్ తీసి వినియోగదారుల కోసం ప్రభుత్వం పెట్టిన సైటు సిగ్నల్‌కోన్సోలో ఫిర్యాదు పెట్టండి, ఉన్నది అందుకే. కొత్తవాళ్ళ చేత అనవసరంగా స్టాంపు డబ్బులు ఖర్చు పెట్టించకండి.

తులూజ్_తమ్ముడు
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. నంబరు ఉంచుకుని వేరే కంపెనీకి మారుతుంటే పాతది మీరు ఆపనే కూడదు! ఆపితే నంబరు పోయే ప్రమాదం ఉంది. ఆ లైను నుంచే 3179 కొడితే ఆర్‌ఐఓ కోడ్ (నంబరు మార్చుకోవడానికి ఆ లైను గుర్తింపు కోడ్) ఇస్తారు. అది కొత్త కంపెనీకి ఇస్తే పాతదాన్ని వాళ్ళే రద్దు చేయిస్తారు. బాక్స్, అడాప్టర్, కేబుల్స్ మాత్రం మీరే తిరిగి పంపాలి. సీరియల్ నంబరు ఫోటో తీయండి, పార్సిల్ ఇచ్చినట్టు రసీదు పారేయకండి. వస్తువు అందలేదని తర్వాత బిల్లు వేస్తే చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

గోదారిగట్టు
దేశం వదిలి వెళ్ళేవాళ్ళకు బాక్స్ కాంట్రాక్టు గడువు మిగిలున్నా మిగతా నెలల డబ్బు కట్టక్కర్లేదు. విదేశానికి వెళ్తున్నట్టు కాగితం చూపించాలి.

కోడ్_కంఠతా
సరే, బాక్స్ సంగతి వదినగారికే వదిలేస్తున్నా. అడిగినాయన ఇల్లు కూడా మారుతున్నాడు కదా, ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు ఓనరుకిచ్చే నోటీసుకు ఏ బటన్ నొక్కుతారు? అక్కడ రెకమాండే, లేదా చేతికిచ్చి సంతకం, లేదా కమిసేర్ ద జుస్తీస్ (చట్టపరమైన కాగితాలు అధికారికంగా అందజేసే అధికారి). అంతే. నోటీసు గడువు సామాన్లున్న ఇంటికి నెల, ఖాళీ ఇంటికి మూడు నెలలు. లియోన్, విల్లర్‌బాన్ ఇళ్ళ కొరత ప్రాంతం కింద వస్తాయి గనక ఖాళీ ఇంటికీ నెలే, కానీ ఆ కారణం ఉత్తరంలో రాయాలి. రాయకపోతే మూడు నెలలు కడతారు.

నాంత్_వదిన
అది ఒప్పుకుంటా. అయితే మీరు చెప్పనిది ఒకటుంది. నోటీసు లెక్క పోస్టు చేసిన రోజు నుంచి కాదు, ఓనరు చేతికి అందిన రోజు నుంచి. ఆయన పోస్టాఫీసుకెళ్ళి తెచ్చుకోకపోతే లెక్క మొదలే కాదు. అందుకే ముందు చేతికిచ్చి సంతకం అడగండి.

బాగెట్_బాబాయ్
రెస్టారెంటు మాట ఎవరూ ఎత్తలేదు. సర్వీసు ధరలోనే కలిసుంటుంది, టిప్ మీ ఇష్టం. నీళ్ళకు "ఉన్ కరాఫ్ దో" (కుళాయి నీళ్ళ కూజా) అని అడగండి, ఉచితం. ఉత్త "నీళ్ళు" అంటే మామూలువా గ్యాసువా అని అడిగి సీసా తెస్తారు, బిల్లులో కలుపుతారు. బేకరీలో "త్రదిస్యోఁ" (సంప్రదాయ పద్ధతి బాగెట్ రొట్టె) అడగండి. 1993 నాటి డిక్రీ ప్రకారం దాని పిండి ఫ్రీజరులో పెట్టకూడదు. ఎక్కువ కాలనిది కావాలంటే "పా త్రో క్విత్". సగం కోసి ఇమ్మన్నా ఇస్తారు.

తులూజ్_తమ్ముడు
బాబాయ్, చర్చ బాక్స్ గురించి.

బాగెట్_బాబాయ్
అతను టిప్ అడిగాడు, చదువు. ఇంకోటి, షాపులో అడుగుపెట్టగానే "బోంజూర్" అనకుండా ప్రశ్న వేస్తే కౌంటరు దగ్గర పని జరగదు. ముందు అది, తర్వాతే ఇయర్‌ఫోన్లు.

నాంత్_వదిన
బోంజూర్ అన్నంత మాత్రాన డబ్బు వెనక్కివ్వరు. 14 రోజుల వాపసు హక్కు ఆన్‌లైన్ లాంటి దూర కొనుగోళ్ళకు, షాపులో కొన్నవాటికి కాదు. షాపులో కొన్నది నచ్చలేదంటే తీసుకోవాలా వద్దా అనేది వాళ్ళ ఇష్టం, చాలామంది డబ్బుకు బదులు "అవ్వార్" (అదే షాపులో తర్వాత వాడుకునే) చీటీ ఇస్తారు. పాడైతే మాత్రం కథ వేరు. రెండేళ్ళ చట్టబద్ధ గ్యారంటీ ఉంది, బాధ్యత అమ్మినవాడిదే. "తయారీ కంపెనీని అడగండి" అంటే వినకండి. "గరాంతీ లెగాల్ ద కోన్‌ఫోర్మితే" అని కాగితం మీద రాసి ఇవ్వండి. 30 రోజుల్లో బాగుచేయకపోతే, మార్చి ఇవ్వకపోతే డబ్బు అడగొచ్చు.

కొత్త_విల్లర్‌బాన్
అందరికీ థాంక్స్ అండీ. మా ఓనరు ఫోను ఎత్తడు, ఇంటికెళ్ళినా దొరకడు. రెకమాండే మెయిల్లో పంపితే చెల్లుతుందా?

కోడ్_కంఠతా
పూర్తిగా మెయిల్లో అందేదైతే, ఓనరు కంపెనీ కాకుండా మామూలు మనిషైతే, ముందుగా ఆయన ఒప్పుకుని ఉండాలి. లేకపోతే చెల్లదు. లా పోస్త్ (ఇక్కడి తపాలా సంస్థ) సైటులో ఎక్కించి కాగితం మీద ప్రింటు తీయించి పంపేది వేరు, దానికి ఆ షరతు లేదు. దొరకని మనిషని మీరే అంటున్నారు గనక కమిసేర్ ద జుస్తీస్ ఖర్చు ఎంతో ఇప్పుడే కనుక్కోండి.